ఇంటి బాధ ఫోనులో చెప్పుకోవచ్చా?

తలనొప్పి తగ్గడం లేదని, గుండెదడగా ఉందని, రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చేస్తోందని ఆసుపత్రికి వచ్చేవారు చాలామంది. బి.పి. చూస్తాం, రక్తపరీక్ష చేయిస్తాం, ఇ.సి.జి. తీయిస్తాం. అన్నీ సరిగానే ఉంటాయి. “ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?” అని అడిగినప్పుడు మాత్రం కొంతసేపు మాట రాదు. ఆ తరువాత అసలు సంగతి బయటికి వస్తుంది. కొత్త కోడలు కాపురానికి వచ్చింది. కొడుకు హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆయన పోయి ఏడాది అయింది. పొలం అమ్మిన డబ్బు దగ్గర అన్నదమ్ములకు మాటలు పోయాయి.

పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వైపు ఇలాంటి మార్పులు ఎక్కువే. పత్తి, మిరప మీద బతికిన ఇళ్ళలోనే నేడు ఒకరు క్వారీకి, ఒకరు సిమెంటు ఫ్యాక్టరీకి, ఒకరు అమెరికాకు వెళ్తున్నారు. 2014లో కృష్ణకు అవతల రాజధాని మాట వచ్చాక ఇవతలి భూములకూ ధర పెరిగింది. ధర పెరిగిన చోట పంపకాల తగాదాలు పెరగకుండా ఉంటాయా? మంచి మార్పు కూడా మనసును అలసిపోయేటట్టు చేస్తుంది. పెళ్ళి, పురుడు, కొత్త ఇల్లు, ఉద్యోగ విరమణ అన్నీ శుభాలే. అయినా ఇంట్లో ఎవరి చోటు ఏదో మళ్ళీ కుదరాలి, కుదిరేదాకా చిరాకు తప్పదు. అది కొన్ని రోజుల్లో సర్దుకుంటే మందూ మాకూ అక్కరలేదు. రెండు వారాలు దాటినా నిద్రలేక, తిండి సయించక, పని మీద మనసు నిలవక ఉంటే సాయం తీసుకోవాలి.

మానసిక వైద్యులు విజయవాడలో ఉన్నారు. పరిటాల నుంచి 30 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, హైవే మీద బస్సులూ ఉన్నాయి. ఆపేది దూరం కాదు. బస్సులో ఊరివాళ్ళు ఎవరో ఒకరు కనబడి “ఎక్కడికమ్మా?” అని అడుగుతారు. ఏమని చెప్పాలి? ఈ ఒక్క ప్రశ్నకు భయపడి ఏళ్ళ తరబడి ఆగిపోయినవారు ఉన్నారు. ఫోనులో కౌన్సెలింగ్ వీరికే ఎక్కువ పనికి వస్తుంది.

ఇది మనం అనుకున్నంత కొత్తదేమీ కాదు. 1953లో లండన్‌లో ఛాడ్ వారా అనే చర్చి గురువు, బతుకు మీద విరక్తి కలిగినవారు ఫోను చేసి మాట్లాడవచ్చునని ప్రకటించారు. సమారిటన్స్ అనే సంస్థ అలా మొదలైంది. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను స్థాపించారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లోనే డాక్టర్లు ఫోను, వీడియోల ద్వారా వైద్యం చేయడానికి మన దేశంలో నిబంధనలు వచ్చాయి. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ దీనికి పెద్దదిక్కు. నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. రూపాయి ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఫోను చేస్తే ముందు ఏ భాష కావాలో ఎంచుకోమంటారు. తరువాత శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. “మీరు చెప్పండి, వింటున్నాను” అన్న తీరులోనే ఉంటుంది మొదటి మాట. నిద్ర, ఆకలి, ఇంటి పరిస్థితి, చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అన్నది అడుగుతారు. ఈ చివరి ప్రశ్నకు బెదరకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవసరమనిపిస్తే మానసిక వైద్యునికి కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళమంటారు. ఒక్క కాల్‌తో గొడవ తీరిపోతుందని మాత్రం ఆశించవద్దు. సాధారణ దిగులుకు, ఆందోళనకు వీడియోలో చేసిన కౌన్సెలింగ్ ఎదురుగా కూర్చుని చేసినదానికి పెద్దగా తీసిపోదని పలు దేశాల పరిశోధనల్లో తేలింది. అయితే అది వారాల తరబడి క్రమంగా సాగిన కౌన్సెలింగ్ మాట.

మన ఇళ్ళలో అసలు చిక్కు సిగ్నల్ కాదు, చాటు. రెండు గదుల ఇంట్లో అత్తగారి గురించి కోడలు ఎక్కడ కూర్చుని మాట్లాడాలి? కోడలి గురించి అత్తగారు మాత్రం ఎక్కడ మాట్లాడాలి? ఫోను ఒకటే ఉంటే అది సాయంత్రం భర్త చేతిలోకి వెళ్తుంది, ఎవరికి చేసిందీ అందులో కనబడుతుంది. కొన్ని ఫోన్లలో మాటలు వాటంతట అవే రికార్డు అవుతాయి. కనుక వేళ, చోటు ముందే చూసుకోండి. డాబా మీద, చేలో గట్టు మీద, పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో. స్పీకరు వద్దు, పది రూపాయలదైనా ఇయర్‌ఫోను మేలు. కాల్ కలవగానే “ఇక్కడ ఎవరైనా రావచ్చు, నేను ఆగిపోతే మళ్ళీ చేస్తాను” అని చెప్పేయండి. పక్కన మనిషి ఉంటే ఔను, కాదు అని చెప్పగలిగేటట్టు ప్రశ్నలు అడగమనండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు, కౌన్సెలర్లకు ఇది మామూలే. మీ రికార్డులను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం చేసేవారి మీద పెట్టింది.

కొన్నాళ్ళకు కౌన్సెలర్ “మీ వారిని కూడా మాట్లాడమనండి” అనవచ్చు. తప్పు మోపడానికి కాదు. ఇంటివారిని కలుపుకునే పద్ధతి మన దేశానికి బాగా అచ్చివచ్చింది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మానసిక రోగులతోపాటు వారి బంధువులను కూడా ఆసుపత్రి ఆవరణలో డేరాలలో ఉంచి వైద్యం చేశారు. వెల్లూరులోనూ ఇంటివారు రోగి వెంట ఉండే పద్ధతి సాగింది. ఇప్పుడు డేరా అక్కరలేదు. పరిటాలలో తల్లి, అమెరికాలో కొడుకు, మధ్యలో కౌన్సెలర్, ముగ్గురూ ఒకే వీడియోలో కూర్చోవచ్చు. ఇక్కడి ఉదయం అక్కడి రాత్రి కనుక, వేళ కుదుర్చుకునే పని కొడుకు మీద పెట్టండి.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం అందరూ కలిసి మాట్లాడే వీడియో మంచిది కాదు. ఆమె లోపల మాట చెబితే రాత్రికి దెబ్బలు పడవచ్చు. అక్కడ కావలసింది రక్షణ. మహిళలకు 181, వెంటనే ప్రమాదమైతే 112. పెద్దవారిని ఇంట్లో సరిగా చూడకపోతే 14567, పిల్లల విషయమైతే 1098.

డబ్బు తీసుకుని ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చేసేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మంచివారూ ఉన్నారు, మూడు రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టినవారూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటుంది. అడిగితే కోపం తెచ్చుకునేవారిని వదిలేయండి. ఓ.టి.పి. అడిగినా, ఇన్ని రోజుల్లో నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చినా ఫోను పెట్టేయండి. అన్ని మందులూ ఫోనులో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కనుక నిద్రమాత్ర రాయలేదని డాక్టరును తప్పు పట్టవద్దు.

ఎవరికో చెవిలో మాటలు వినబడుతున్నా, అయినవారినే శత్రువులనుకుంటున్నా, తాగుడు మానగానే ఒళ్ళు వణికి కలవరిస్తున్నా ఫోను చాలదు, ఆసుపత్రికి తీసుకురండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే బెదిరింపు అని కొట్టిపారేయవద్దు. ఒంటరిగా వదలకుండా, పక్కన కూర్చుని 14416కు మీరే కలపండి. మన మెట్ట ఊళ్ళలో పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందు డబ్బాలు వంటింటి అటక మీదో మంచం కిందో ఉంటాయి. వాటిని ఆ రోజే ఇంట్లోంచి తీసి, తాళం వేసే చోట పెట్టి, తాళంచెవి వేరొకరికి ఇవ్వండి. క్షణికావేశం చాలాసార్లు కొద్ది గంటల్లో దాటిపోతుంది, ఆ గంటల్లో డబ్బా చేతికి అందకూడదు. ఎవరైనా తాగేస్తే ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించవద్దు. 108కి ఫోను చేసి, ఆ డబ్బాను కూడా వెంట తీసుకురండి. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేస్తారు కొందరు. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి, శిక్షించకూడదు.