తలకు ఆపరేషనయితే గ్లూకోజు సీసా అడగరాదు
ఉప్పునీటి సీసాకే డాక్టర్ల మొగ్గు. కొలత తప్పితే మెదడుకు వాపు

పాకాల: జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా "ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి సామీ" అని అడగడం మన పల్లెల్లో అలవాటు. అది ఎక్కితే ఒంటికి బలమొస్తుందని నమ్మకం. కాని తలకు దెబ్బ తగిలినవారికి, మెదడుకు ఆపరేషన్ అయినవారికి అదే సీసా కీడు చేయవచ్చు. ఈ సంగతి తెలియక రోగి బంధువులు ఆస్పత్రుల్లో నర్సులతో వాదులాటకు దిగుతుంటారు.

పాకాల జంక్షన్‌లో రైలెక్కితే ఒక దిక్కు తిరుపతి, మరో దిక్కు కాట్పాడి. తల ఆపరేషన్ అంటే మనవాళ్లు తిరుపతికో, కాట్పాడిలో దిగి రాయవేలూరుకో పోతారు. దేశంలో మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని డాక్టర్ జేకబ్ చాందీ 1949లో రాయవేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలోనే ప్రారంభించారు. తిరుపతిలో స్విమ్స్ 1993 నుండి పనిచేస్తున్నది. ఎక్కడికి పోయినా మంచం పక్కన వేలాడే సీసా విషయంలో సూత్రం ఒకటే.

ఉప్పు చల్లిన మామిడి ముక్క

దామలచెరువు మామిడి మండీలు మనకు తెలిసినవే. ఊరగాయకు కోసిన మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరి ముక్క ముడుచుకుంటుంది. ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. ఉప్పో, చక్కెరో చిక్కగా ఉన్న వైపుకు నీరు పోవడమే ఇందుకు కారణం. మెదడు సంగతీ ఇంతే. అమెరికాలో వీడ్, మెకిబ్బెన్ అనే శాస్త్రజ్ఞులు 1919లో దీన్ని పిల్లుల మీద పరీక్షించారు. నరంలోకి ఉత్త నీరు ఎక్కిస్తే మెదడు ఉబ్బింది. చిక్కటి ఉప్పునీరు ఎక్కిస్తే కుంచించుకుపోయింది.

కాలు వాస్తే చర్మం సాగుతుంది. మెదడు ఎముక పెట్టెలో ఉన్నది. అది వాస్తే సాగే చోటు లేదు. లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందక ప్రాణం మీదికి వస్తుంది.

సీసాలో ఏముంది?

అరలీటరు గ్లూకోజు సీసాలో (5 శాతం రకం) ఉండేది 25 గ్రాముల గ్లూకోజు మాత్రమే. అంటే ఐదారు చెంచాల చక్కెరపాటి. ఒళ్లు దాన్ని వాడుకోగా మిగిలేది ఉత్త నీరు. ఆ నీరే మెదడులో చేరి వాపు పెంచుతుంది. పైగా రక్తంలో చక్కెర హెచ్చడం దెబ్బతిన్న మెదడుకు మంచిది కాదు. అందుకే రక్తంలో చక్కెర పడిపోవడం వంటి అవసరం ఉంటే తప్ప డాక్టర్లు గ్లూకోజు జోలికి పోరు.

సాధారణంగా ఎక్కించేది నార్మల్ సెలైన్. లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిసిన నీరు ఇది. రక్తం చిక్కదనానికి దగ్గరగా ఉంటుంది. వాపు హెచ్చినప్పుడు మానిటాల్ గాని, మరింత చిక్కటి ఉప్పునీరు గాని ఇచ్చి మెదడులోని నీటిని రక్తంలోకి లాగుతారు.

ఖరీదైన సీసా అయితే మేలనుకోవడమూ పొరపాటే. తలకు దెబ్బ తగిలిన 460 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఖరీదైన అల్బుమిన్ ఎక్కించినవారిలో రెండేళ్లలో నూటికి 33 మంది మరణించగా, సెలైన్ ఎక్కించినవారిలో 20 మంది మరణించారు.

ఎండబెట్టడమూ తప్పే

నీరు బాగా తగ్గిస్తే వాపు రాదని ఒకప్పుడు రోగిని ఎండబెట్టేవారు. అలా చేస్తే రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం అందదు. ఇప్పుడు ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా కొలిచి ఇస్తారు. లోపలికి పోయిన నీరెంత, మూత్రంగా వచ్చినదెంత అని రాసుకుంటారు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు పాలు, 135 నుండి 145 మధ్య ఉండాలి.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ అయినవారిలో కొందరికి లీటర్లకొద్దీ మూత్రం పోయి సోడియం పెరుగుతుంది. మరికొందరు రోగులకు సోడియం పడిపోయి మగత, ఫిట్సు వస్తాయి. ఒళ్లు నీటిని పట్టి ఉంచినందువల్ల పడిపోతే నీరు తగ్గించాలి. ఉప్పు మూత్రంలో పోయినందువల్ల పడిపోతే ఉప్పునీరు ఎక్కించాలి. ఒకదానికి బదులు మరొకటి చేస్తే ప్రమాదం. చాలా తక్కువగా ఉన్న సోడియంను ఒక్కసారిగా పెంచినా మెదడుకు హాని. మాటిమాటికి రక్తం తీస్తున్నారని విసుక్కునే బంధువులు ఈ సంగతి తెలుసుకోవాలి.

బంధువులు చేయవలసినది

నర్సుకు చెప్పకుండా రోగికి నీళ్లు, టీ, కొబ్బరినీళ్లు తాపరాదు. మింగడం సరిగా లేనివారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు; లెక్కా తప్పుతుంది. మూత్రం సంచిని కొలవకుండా పారబోయరాదు. సీసా త్వరగా అయిపోవాలని గొట్టానికున్న చక్రాన్ని తిప్పరాదు. వాంతి, మగత, పెరిగే తలనొప్పి, మూత్రం ఎక్కువ కావడం కనబడితే వెంటనే చెప్పాలి. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే తెలపాలి.

పూతలపట్టు–నాయుడుపేట రోడ్డులో గాని, మరెక్కడ గాని ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలితే, ఊళ్లో సీసా పెట్టించడానికి కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. దారిలో ఏదైనా ఆస్పత్రిలో సీసా ఎక్కించి ఉంటే ఆ చీటీ పెద్దాస్పత్రిలో చూపాలి.

గ్లూకోజు ఎందుకు పెట్టలేదని నర్సు మీద కేకలు వేసేముందు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. మీ మనిషి మెదడు వాయకూడదనే అది పెట్టలేదు.