ఫోటో పచ్చగా వస్తోందా? మెషిన్ విప్పే ముందు ప్రింట్ చూడండి

ఫోటో ల్యాబ్ మెషిన్ల రిపేర్ మీద ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడుగుతున్నారు. సరే, చేద్దాం. కానీ ఈ రోజు స్క్రూడ్రైవర్ ముట్టుకోను. ఒక ప్రింటు, ఒక స్కేలు, అంతే. ఎందుకంటే లేజర్ యూనిట్ పోయిందనుకుని అప్పు చేసి మార్పించాక, తప్పు పక్కనున్న కెమికల్ ట్యాంకులో ఉందని తేలితే ఆ ల్యాబ్ ఓనర్ పరిస్థితి ఏంటో ఒక్కసారి ఊహించండి.

ల్యాబ్ వాళ్ల ఫోన్ ఎలా ఉంటుందంటే, "అన్నా, ఫోటో పచ్చగా వస్తోంది." మన తెలుగుతో వచ్చిన చిక్కు ఇది. పసుపు కొమ్మూ పచ్చే, వరి చేనూ పచ్చే. మెషిన్‌కి మాత్రం ఈ రెండూ వేరే వేరే జబ్బులు. అందుకే మొదటి ప్రశ్న, "ఏ పచ్చ?" రెండో ప్రశ్న, "తెల్ల బార్డర్ ఎలా ఉంది?"

ఇది అర్థం కావాలంటే మెషిన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. నోరిట్సు అయినా, ఫ్యూజీ ఫ్రాంటియర్ అయినా, కెమికల్‌తో నడిచే డిజిటల్ ల్యాబ్ అంటే ఒకే డబ్బాలో రెండు మెషిన్లు అనుకోండి. మొదటిది వెలుతురు మెషిన్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు కలిసి పేపర్ మీద మీ ఫోటోని రాస్తాయి. అప్పటికి పేపర్ మీద మీ కంటికి ఏమీ కనిపించదు. రెండోది కెమికల్ మెషిన్. డెవలపర్, బ్లీచ్ ఫిక్స్, ఆ తర్వాత స్టెబిలైజర్ ట్యాంకులు. డెవలపర్ సుమారు 38 డిగ్రీల వేడిలో ఉండాలి. పేపర్ ఈ ట్యాంకుల్లో మునిగి తేలితేనే బొమ్మ వస్తుంది.

ఇప్పుడు తమాషా చూడండి. నీలం లేజర్ బలహీనపడితే ఫోటోలో నీలం తగ్గాలి కదా? తగ్గదు, పెరుగుతుంది! ఎందుకంటే నీలం వెలుతురు పడిన చోట పేపర్‌లో తయారయ్యేది పసుపు రంగు. ఆ వెలుతురు లేకపోతే పసుపు రాదు, మిగిలిన రెండు రంగులూ కలిసి నీలంగా కనిపిస్తాయి. అలాగే ఆకుపచ్చ లేజర్ పోతే మెజెంటా రాక ఫోటో ఆకుపచ్చగా, ఎరుపు లేజర్ పోతే సయాన్ రాక ఎర్రగా వస్తుంది. అంటే ప్రింట్ ఏ రంగుకి తిరిగిందో మొదట ఆ రంగు లేజర్‌నే అనుమానించాలి.

కానీ అనుమానించడం వేరే, తేల్చడం వేరే. బార్డర్ ఉన్న ప్రింట్ ఒకటి తీయండి. ఆ తెల్ల అంచు మీద లేజర్ అసలు పడదు. పడని చోట రంగు మారిందంటే లేజర్‌కి సంబంధం లేదన్నట్టే. అంచు కూడా పసుపు పట్టిందా? అయితే కెమికల్, లేకపోతే పేపర్. వేరే బ్యాచ్ రోల్ పెట్టి చూడండి. మరక పోతే పాత రోల్ డేట్ అయిపోయినా అయి ఉండాలి, ఎండలోనో వేడి గదిలోనో మగ్గి అయినా ఉండాలి. పోకపోతే ట్యాంకుల వైపు నడవండి. అంచు తెల్లగా ఉండి బొమ్మ మాత్రమే పసుపైతే, క్యాలిబ్రేషన్ తప్పిందేమో చూడాలి.

ఇంకో పరీక్ష, పైసా ఖర్చు లేనిది. కొత్త రోల్ మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు మొదటి ముక్కకి గదిలో వెలుతురు తగులుతుంది కదా. అది ట్యాంకుల్లోంచి నల్లగా బయటికొస్తుంది, అందరూ చెత్తబుట్టలో వేస్తారు. వేయకండి! దాని మీద రాసింది లేజర్ కాదు, గదిలో లైటు. అంటే ఆ నలుపు పూర్తిగా కెమికల్ మెషిన్ పనితనమే. చిక్కటి నలుపు వచ్చిందా, డెవలపర్‌లో పెద్ద లోపం లేదు. బూడిదగానో గోధుమ రంగుగానో వెలిసి వచ్చిందా, డెవలపర్ చల్లబడింది లేదా చచ్చిపోయింది.

చచ్చిపోవడం అంటే ఏంటి? డెవలపర్ గాలి తగిలి ఆక్సిడైజ్ అవుతుంది, టీ డికాషన్ రంగుకి తిరుగుతుంది. రోజూ బాగా ప్రింట్లు పడితే, పేపర్ ఎంత వెళ్లిందో లెక్క చూసుకుని మెషిన్ కొత్త కెమికల్ పోసుకుంటూ ఉంటుంది. మరి మూఢం వచ్చింది, ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు, ఆల్బమ్‌లు లేవు. ప్రింట్లు లేవు కాబట్టి కొత్త కెమికల్ పడదు. ట్యాంకులో ఉన్నది ఉన్నట్టే ముసలిదైపోతుంది. శ్రావణంలో ముహూర్తాలు మొదలై ఆర్డర్లు వచ్చి పడ్డాక, "మొన్నటిదాకా బాగానే ఉంది అన్నా" అని ఫోన్. పని లేకపోవడమే దానికి జబ్బు!

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. డెవలపర్ నీరసించినప్పుడు డైలీ సెటప్ కొడితే, మెషిన్ గ్రే గళ్లు చదువుకుని వెలుతురు పెంచి సర్దేస్తుంది. రెండు రోజులు ప్రింట్లు బాగానే వస్తాయి, మళ్లీ మొదటికే. రోజూ సెటప్ నంబర్లు ఒకే వైపు జరుగుతూ పోతుంటే సెటప్ నొక్కడం ఆపి ట్యాంకు చూడండి. ఇంకోటి, కడగడానికి బ్లీచ్ ఫిక్స్ ర్యాక్ పైకి తీసేటప్పుడు దాని చుక్కలు డెవలపర్‌లో పడనివ్వకండి. కొంచెం పడినా ఆ ట్యాంకు మొత్తం పారబోసుకోవాల్సి వస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే భయపడాల్సింది చివరి స్టెబిలైజర్ ట్యాంకుల గురించి. పాచి పట్టిన ట్యాంకులో సరిగ్గా కడగని ప్రింట్ ఈ రోజు నిగనిగలాడుతుంది. డబ్బులిచ్చి సంతోషంగా తీసుకెళ్తారు. కెమికల్ లోపలే మిగిలిపోయి తర్వాతెప్పుడో తెలుపు పసుపెక్కుతుంది. ఎవరి పెళ్లి ఫోటోనో!

ఇక గీతలు. పేపర్ నడిచే దిశలో, ప్రతి ప్రింట్‌లోనూ అదే చోట సన్నటి తెల్ల గీత ఉంటే లేజర్ దారిలోని అద్దం మీద దుమ్ము ఉండొచ్చు. ఆ నల్ల ముక్క మీద కూడా అదే గీత ఉంటే దుమ్ము కాదు, ట్యాంకుల వైపు ఏదో గీరుకుంటోంది. అడ్డంగా పట్టీలు వస్తే పేపర్ కుదుపుతో నడుస్తోందేమో చూడాలి. మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలు తీయండి. 75 మిల్లీమీటర్లకోసారి వస్తోందనుకుందాం. 3.14తో భాగిస్తే దాదాపు 24. అంటే 24 మిల్లీమీటర్ల మందం ఉన్న రోలర్‌ని వెతికి తుడవాలి. అన్ని రోలర్లూ ఊడదీయక్కర్లేదు.

మీలో ఎక్కువమంది కస్టమర్లే కాబట్టి మీకూ ఒక మాట. ఫోన్‌లో బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి చూసిన ఫోటో పేపర్ మీద కొంచెం డల్‌గానే ఉంటుంది, పేపర్‌కి సొంత వెలుగు ఉండదు కదా. తలలు కట్ అవుతున్నాయా? ఫోన్ కెమెరా మామూలుగా 4:3లో తీస్తుంది, 4×6 ప్రింట్ 3:2. మెషిన్ తప్పేం లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

సరే, బార్డర్ తెల్లగా ఉంది, నల్ల ముక్క బాగుంది, ఫోటో మాత్రం నీలంగానే వస్తోంది. అప్పుడు లేజర్ వైపు వెళ్దాం. కానీ అక్కడ కూడా పోయింది లేజరే కాకపోవచ్చు. చాలా నోరిట్సు మెషిన్లలో లేజర్ వెలుతురుని పెంచి తగ్గించే ఏఓఎమ్ అనే భాగం ఉంటుంది, దానికి ఒక డ్రైవర్ బోర్డు. నీలం, ఆకుపచ్చ బోర్డుల పార్ట్ నంబర్ ఒకటే అయితే, పవర్ పూర్తిగా ఆపి ఇటుది అటు మార్చి చూడండి. నీలం తేడా పోయి ఆకుపచ్చ తేడా వస్తే బోర్డే దొంగ. తేడా కదలకపోతే ఏఓఎమ్ కానీ, లేజర్ కానీ. అక్కడితో ఆపి సర్వీస్ ఇంజనీర్‌ని పిలవండి. మూతకి ఉండే సేఫ్టీ స్విచ్‌ని టేపు వేసి నొక్కిపెట్టి, మెషిన్ ఆన్‌లో ఉండగా లోపలికి చూసే పని మాత్రం పెట్టుకోకండి, కళ్లు పోతాయి.

ఇంక్‌జెట్ డ్రై ల్యాబ్‌లకి ట్యాంకులూ లేవు, లేజర్లూ లేవు. వాటి నాజిల్స్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.