ప్రిప్రింట్లపై ఉమ్మడి సమీక్ష

మదనపల్లె, బి.కొత్తకోట ప్రాంతాల టమాట రైతులను వేధించే ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ వ్యాప్తి చేస్తుంది. ఇటువంటి సమస్యలపై జరిగిన పరిశోధన, సమీక్ష ముగిసి పత్రికలో వెలువడడానికి నెలలు పడుతుంది. సమీక్షకు ముందే అందరికీ అందుబాటులో ఉంచే వ్యాస ప్రతిని ప్రిప్రింట్ అంటారు. జీవశాస్త్రాల ప్రిప్రింట్లకు 2013లో బయోఆర్కైవ్ ప్రారంభమైంది. వ్యవసాయ శాస్త్రాలకు అగ్రిఆర్కైవ్ ఉన్నది.

అయితే సమీక్ష జరగని ఫలితాన్ని నమ్మి మందు సిఫారసు చేస్తే నష్టపోయేది రైతే. ఇందుకు జర్నల్ క్లబ్ చక్కని మార్గం. విలియం ఆస్లర్ 1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి క్లబ్‌ను నెలకొల్పారు.

పరిశోధన స్థానాలలో నెలకొక ప్రిప్రింట్‌ను కీటక, తెగుళ్ల, ఉద్యాన, గణాంక శాస్త్రవేత్తలు విద్యార్థులతో కలిసి చదవాలి. మందు చల్లని మడితో పోల్చారా? ప్రయోగాన్ని ఎన్ని మడులలో, ఎన్ని సీజన్లలో చేశారు? తెల్లదోమ మాత్రమే తగ్గిందా, దిగుబడి కూడా పెరిగిందా? ఈ చర్చను గదికే పరిమితం చేయరాదు. లోపాలతోపాటు మెరుగైన అంశాలనూ మర్యాదగా రాసి, పాల్గొన్నవారందరి పేర్లతో రచయితలకు పంపాలి. తుది ప్రచురణకు ముందే తప్పు దిద్దుకునే అవకాశం వారికి లభిస్తుంది. విద్యార్థులకు సమీక్షా విధానం అలవడుతుంది. రైతుకు సిఫారసు మాత్రం స్థానిక క్షేత్ర పరీక్షల తరువాతనే చేయాలి.