దివ్యాంగులతో పనిచేసే ఉద్యోగాలు: ఏం చదవాలి? ఎక్కడ చదవాలి? మోసపోకుండా ఎలా?

(ఈ ఎపిసోడ్ వీడియోకి రాతరూపం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడా చిన్న సవరణలు చేశాం.)

ఈరోజు నేను ఎప్పుడూ కూర్చునే గదిలో లేను. వెనకాల కనిపిస్తున్నది పద్మనాభం కొండ. పైన అనంత పద్మనాభస్వామి, కింద కుంతీ మాధవస్వామి. కొండపైకి వెయ్యికి పైగా మెట్లున్నాయి. కార్తీక మాసం చివర్లో ఆ మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు, చూసినవాళ్లకు తెలుసు. 1794లో ఇక్కడే విజయనగరం రాజుకీ ఈస్టిండియా కంపెనీకీ యుద్ధం జరిగింది. అది ఇంకో ఎపిసోడ్‌కి దాచిపెట్టాను.

ఇక్కడికి ఎందుకొచ్చానంటే, మా చిన్నాన్న వాళ్లది ఈ ఊరే. వాళ్లబ్బాయికి, అంటే మా తమ్ముడికి, ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. తెలివికేం లోటు లేదు, నాతో క్రికెట్ స్కోర్ల మీద పందెం కాస్తాడు. కానీ చేతులూ కాళ్లూ మెదడు చెప్పిన మాట సరిగ్గా వినవు. ఈ మెట్లు వాడు ఒక్కసారి కూడా ఎక్కలేదు. దీపాలు ప్రతిసారీ కిందనుంచే చూస్తాడు.

మొన్న ఒక చెల్లెమ్మ కామెంట్ పెట్టింది. "అన్నా, మాది డిగ్రీ అయిపోయింది. దివ్యాంగ పిల్లలతో పనిచేయాలని ఉంది. దానికి చదువేమైనా ఉంటుందా, లేక ఊరికే సేవలా చేయాలా?" అని. ఈ ఎపిసోడ్ ఆ చెల్లెమ్మ కోసం. తన ప్రశ్నలో ఉన్న "సేవ" అనే మాట గురించి కూడా కొంచెం మాట్లాడుకుందాం.

నేను చేసిన పొరపాటు

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఆరేళ్ల కిందట బీటెక్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాను. తమ్ముడికి మూడేళ్లు. చిన్నాన్న ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్లో చూసేవాడివి కదా, సిటీలో మంచి థెరపీ సెంటర్ ఒకటి చూడు నాన్నా" అన్నారు. చూశాను. రేటింగ్ 4.8. వెంటనే బుక్ చేసేశాను.

పిన్ని వాడిని చంకనేసుకుని వారానికి రెండుసార్లు బస్సులో తీసుకెళ్లేది. రెండున్నరేళ్లు తిప్పింది. అక్కడ తెల్లకోటు వేసుకున్నాయన కాళ్లకి మర్దనా చేసి, ఏదో మిషన్ పెట్టి, "ఆరు నెలల్లో నడిపిస్తానమ్మా" అనేవాడు. ఆ ఆరు నెలలు ఎప్పటికీ అవ్వలేదు. పిన్ని గాజులు తాకట్టులోకి వెళ్లాయి. తర్వాత తెలిసిందేంటంటే, ఆయనకి థెరపీలో చదువూ లేదు, ఎక్కడా రిజిస్ట్రేషనూ లేదు. గోడకి కట్టినది రెండ్రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్. ఆ సెంటర్ పేరు ఇక్కడ చెప్పను. నేను ఏం చూడకుండా బుక్ చేశానో అది చెప్తాను. మీరు నాలా చేయకూడదు కాబట్టి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ రంగానికి ఒక చట్టం ఉంది. 1992లో వచ్చిన భారత పునరావాస మండలి చట్టం. అందరూ ఆర్‌సీఐ అంటారు. డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్, లాయర్లకి బార్ కౌన్సిల్ ఎలాగో, వీళ్లకి ఆర్‌సీఐ అలాగ. స్పెషల్ టీచర్, స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, కృత్రిమ అవయవాలు తయారుచేసే ప్రోస్థెటిస్ట్, ఇలా 16 రకాల వృత్తులు దీని కిందకొస్తాయి. గుర్తింపు ఉన్న కోర్సు చదివి, కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుని, నంబర్ తీసుకున్నవాళ్లే ఈ పనిచేయాలి. 13వ సెక్షన్ ప్రకారం అది లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

వెయ్యి రూపాయలు! పిన్ని బస్సు ఛార్జీలకే అంతకంటే చాలా ఎక్కువ అయింది.

కాబట్టి తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీ ఆర్‌సీఐ నంబర్ ఎంతండీ?" అడగడానికి మొహమాటం వద్దు. నిజంగా చదువుకున్నవాళ్లు నవ్వుతూ చూపిస్తారు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఆర్‌సీఐ కిందకి రావు. వాటికి 2021లో వేరే జాతీయ చట్టం వచ్చింది. వాళ్లని బీపీటీ, బీఓటీ డిగ్రీ చూపించమని అడగండి.

ఇంక కోర్సుల్లోకి వెళ్దాం

ఇంటర్ అయినవాళ్లకి: మాటా వినికిడీ ఇష్టమైతే బీఏఎస్‌ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. బైపీసీ వాళ్లే కాదు, ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలీదు. చెవిటితనంతో పుట్టిన పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేస్తారు కదా, ఆరోగ్యశ్రీలో కూడా చేశారు. ఆపరేషన్ అవ్వగానే పిల్లాడు మాట్లాడేస్తాడని అనుకుంటాం. కాదండీ. మిషన్ శబ్దాన్ని లోపలికి పంపిస్తుంది, అంతే. ఆ శబ్దం "అమ్మ" అనే మాట అని మెదడుకి నేర్పాలి. దానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆ నేర్పే మనిషి లేకపోతే లక్షల రూపాయల మిషన్ డబ్బాలో పడుంటుంది.

చేతిపని, ఇంజనీరింగ్ ఇష్టమైతే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ. కృత్రిమ కాళ్లు, కాలిపర్లు తయారుచేయడం. బీపీటీ, బీఓటీ మీకు తెలిసినవే. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా రెండేళ్లు.

డిగ్రీ అయినవాళ్లకి, అంటే మన చెల్లెమ్మకి: బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. మామూలు బీఈడీలో మ్యాథ్సా, సోషలా అని ఎంచుకున్నట్టు, ఇందులో ఏ వైకల్యం మీద ప్రత్యేకత కావాలో ఎంచుకోవాలి. మేధోపరమైన వైకల్యం, వినికిడి, చూపు, ఇలాగ. ఇన్నాళ్లూ ఇది డిగ్రీ తర్వాత రెండేళ్లు. ఇప్పుడు ఇంటర్ తర్వాత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ పద్ధతి వైపు మారుతోంది. అందుకని మీరు చేరే కాలేజీకి, మీరు చేరే ఏడాదికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. "అనుమతి వచ్చేస్తోంది, ముందు చేరిపోండి" అంటే లేచి వచ్చేయండి.

మూగ, చెవిటివాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య అనువాదం చేసే సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కూడా ఒక ఉద్యోగమే. దీనికోసం ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని 2015లో పెట్టారు. ఎక్కువ చదవలేనివాళ్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటుంది, సీబీఐడీ అంటారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీతో కలిసి ఆర్‌సీఐ తయారుచేసింది. అది చేసినవాళ్లని "దివ్యాంగ మిత్ర" అంటారు. అంగన్‌వాడీ, ఆశా వర్కర్లలా ఊళ్లలోనే పనిచేయాలన్నది ఆలోచన.

ఎక్కడ చదవాలంటే, మన తెలుగువాళ్లకి పెద్ద దిక్కు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్. అక్కడ 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. మేధోపరమైన వైకల్యం మీద స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు అక్కడే. వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆంధ్రలో నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ ఉంది.

మరి ఉద్యోగాలో?

2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైనే. అప్పటికి చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆటిజం, డిస్‌లెక్సియా లాంటివి చేరాయి. ఇంతమందికీ కావాల్సిన మనుషులు మాత్రం లేరు.

2021లో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే తీర్పు ఇచ్చింది, స్కూళ్లలో స్పెషల్ టీచర్లు కావాలని. ఆ తర్వాత వచ్చిన లెక్క ప్రకారం ప్రైమరీలో అలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పైతరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలి. 2025 మార్చిలో కోర్టు మళ్లీ రాష్ట్రాలన్నిటినీ పోస్టులు ప్రకటించమంది. ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. రెగ్యులర్ పోస్టులండీ, ఎస్‌జీటీ స్థాయీ ఉంది, స్కూల్ అసిస్టెంట్ స్థాయీ ఉంది. ఇన్నాళ్లూ ఈ పని మండలాల్లోని భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు టీచర్లే లాక్కొచ్చారు. ఇవి కాక పుట్టుకతో వచ్చే సమస్యల్ని తొందరగా పట్టుకోవడానికి పెట్టిన డీఈఐసీ కేంద్రాలు, స్పెషల్ స్కూళ్లు, ఆస్పత్రులు, ప్రైవేటు క్లినిక్‌లు ఉన్నాయి.

నాలాంటి బీటెక్ బ్యాచ్‌కి కూడా దారి ఉంది. యాక్సెసిబిలిటీ టెస్టింగ్. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో ఫోన్, కంప్యూటర్ వాడతారు. ఎన్‌వీడీఏ అని ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది, దాన్ని మొదలుపెట్టింది చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లే. మీ యాప్ దాంతో పనిచేస్తుందా లేదా చూసేదే ఈ ఉద్యోగం. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. నేను నాలుగేళ్లు కోడ్ రాశాను. ఒక్క బటన్‌కి కూడా స్క్రీన్ రీడర్ చదివే పేరు పెట్టలేదు. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

పిన్ని జీతం ఎంత?

మెల్‌బోర్న్‌లో నా ఫ్రెండ్ ఒకడున్నాడు. చదువుకుంటూనే పార్ట్‌టైమ్‌గా డిజేబిలిటీ సపోర్ట్ వర్కర్‌గా చేశాడు. చాలామంది మన పిల్లలు అక్కడ చేస్తున్నారు. అక్కడ ఎన్‌డీఐఎస్ అని ఒక పథకం ఉంది. దివ్యాంగుడికి ఏ సాయం కావాలో లెక్కగట్టి దానికి ప్రభుత్వం డబ్బిస్తుంది. పని ఏంటిరా అని అడిగితే, "పొద్దున్నే లేపడం, స్నానం చేయించడం, తినిపించడం, బయటికి తీసుకెళ్లడం" అన్నాడు. గంటకింత అని జీతం. దానికి ముందు నేరచరిత్ర చూసే స్క్రీనింగ్ కూడా ఉంది.

నేను ఫోన్ పెట్టేసి పిన్ని వైపు చూశాను. అదే పని. తొమ్మిదేళ్లుగా, సెలవు లేకుండా. ఊళ్లో అందరూ "నీ ఓపికకి దణ్ణం తల్లీ" అంటారు. దణ్ణంతో సరిపెట్టేస్తాం మనం. తమ్ముడి పింఛను నెలకి ఆరువేలు వస్తుంది, అది వాడి మందులకీ ప్రయాణాలకీ.

చెల్లెమ్మా, నువ్వడిగిన "సేవ" మాట దగ్గరికి వచ్చాను. సేవ మంచి మాటే. కానీ ఈ పనిని సేవ అనేశాక రెండు ప్రశ్నలు అడగడం మానేస్తాం. ఒకటి, "మీరేం చదివారు?" సేవ చేసేవాళ్లని చదువెంత అని అడగడం మర్యాద కాదనిపిస్తుంది. అందుకే ఆ తెల్లకోటాయన్ని మేం రెండున్నరేళ్లు అడగలేదు. రెండోది, "మీకు జీతం ఎంత ఇవ్వాలి?" సేవకి జీతమేంటి అనిపిస్తుంది. అందుకే బాగా చదివినవాళ్లు ఏళ్లతరబడి కాంట్రాక్టులో ఉండి, విసిగిపోయి వేరే పనులకి వెళ్లిపోతారు. రెండువైపులా నష్టపోయేది పిల్లాడే.

స్కూటీ మీద వచ్చిన టీచరమ్మ

చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సిటీకి వెళ్లడం మానేశాక, వాడు స్కూలుకి రాలేడని తెలిసి కాంట్రాక్టు స్పెషల్ టీచర్ ఒకావిడ స్కూటీ మీద ఇంటికే రావడం మొదలుపెట్టారు. మొదటిరోజు పిన్ని, "నడుస్తాడాండీ?" అని అడిగింది. ఆవిడ, "అది నేను చెప్పలేనమ్మా. ముందు వాడి అన్నం వాడు తినేలా చూద్దాం" అన్నారు.

వెళ్లి చూస్తే పెద్ద మిషన్లేం లేవు. ముందు కుర్చీ సరిచేశారు. కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట, నడుముకి మెత్తటి పట్టీ. ఒళ్లు కుదురుగా నిలబడితేనే చేయి కుదురుగా కదులుతుందట. తల వెనక్కి వాలి ఉంటే ముద్ద గొంతులో అడ్డం పడుతుంది, కొంచెం ముందుకి ఉండాలి. ఇన్నేళ్లూ వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని తినిపించాం మేము. పొలమారితే దిష్టి అనుకునేవాళ్లం. తర్వాత స్టీలు చెంచా పిడికి పాత సైకిల్ ట్యూబ్ చుట్టి లావుగా చేశారు, పట్టు దొరకాలని. అంతే. ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు వాడంతట వాడు పెరుగన్నం తిన్నాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు. పిన్ని ఆ చొక్కా వెంటనే ఉతకలేదు.

ఆవిడ మాయ చేయలేదు. చదువుకుని వచ్చారు. ఆ చదువుకి ఒక పేరుంది, ఒక నంబరుంది, దానికి తగ్గ జీతం ఉండాలి. చెల్లెమ్మా, నువ్వు రావాలనుకుంటే ఇలా రా. చదువుకుని రా, నంబర్ తీసుకుని రా, జీతం ఎంతో అడుగు. జాలి ఉందా లేదా నిన్ను ఎవరూ పరీక్షించరు. ఓపిక మాత్రం కావాలి, ఒక చెంచా కోసం ఎనిమిది నెలలు పడుతుంది కాబట్టి.

మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో, మీ ఊళ్లో ఇలాంటి పిల్లలున్న ఇళ్లకి దాని గురించి తెలుసో లేదో ఈ వారం ఒకసారి కనుక్కోండి. తెలిసింది కామెంట్లో పెట్టండి, పక్కవాళ్లకి పనికొస్తుంది. తమ్ముడు కెమెరా వెనకాల నుంచి "అయిపోయిందా?" అంటున్నాడు. వాడికి మ్యాచ్ టైమ్ అయింది. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.