తెల్లని అన్నం – తవుటిలో పోయే బలం

అన్నం మల్లెపూవులా తెల్లగా, మెతుకుకు మెతుకు అంటకుండా ఉండాలని మనమందరమూ కోరుకుంటాము. పెళ్ళి విందులోనైనా, దావత్‌లోనైనా వడ్డించిన అన్నం కొంచెం ఎర్రబారి కనిపిస్తే ఆతిథ్యంలోనే ఏదో లోపం జరిగినట్లు భావిస్తాము. ఈ తెలుపు ఎక్కడినుండి వచ్చింది, దానికోసం మనం చెల్లిస్తున్న మూల్యమేమిటి అన్న ప్రశ్న మాత్రం సామాన్యంగా మనకు తోచదు.

వరిగింజను కొంచెం పరిశీలిద్దాం. పైనున్నది ఊక, అది మనిషికి ఆహారం కాదు. ఊక తీసిన తర్వాత మిగిలేది ముడిబియ్యం. దానిపై పలుచని గోధుమవర్ణపు పొర, ఒక కొసన మొలకెత్తే అంకురం ఉంటాయి. నూనె, పీచు, బి వర్గపు విటమినులు, ఖనిజ లవణాలు అధికభాగం ఈ పొరలోను, అంకురంలోను నిక్షిప్తమై ఉన్నాయి. లోపలి తెల్లని భాగం ప్రధానంగా పిండిపదార్థమే. వెనుక మన ఇళ్ళలో ధాన్యాన్ని రోటిలో పోసి రోకళ్ళతో దంచేటప్పుడు ఆ పొర కొంత పోయి, కొంత నిలిచేది. మరలో బాగా పాలిష్ పట్టినప్పుడు పొరతోపాటు అంకురమూ రాలిపోతుంది. 100 కిలోల ధాన్యానికి సుమారు 8 మొదలు 10 కిలోల తవుడు దిగుతుంది. ఆ తవుడు గేదెలకు, కోళ్ళకు పోతుంది. ఈ విషయంలో మనకన్న మన గేదెలే వివేకవంతులనవలసి వస్తున్నది!

ఈ సత్యాన్ని లోకానికి మొదట తెలియజేసినవి కోళ్ళే కావడం విశేషం. 19వ శతాబ్దం చివర జావా ద్వీపంలో సైనికులను, ఖైదీలను బెరిబెరి వ్యాధి పీడించేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, చివరకు గుండె బలహీనపడి రోగులు మరణించేవారు. బటేవియాలోని సైనిక ఆసుపత్రి ఆవరణలో ప్రయోగాలు చేస్తున్న డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ పెంచిన కోళ్ళకు కూడా అటువంటి జబ్బే పట్టుకున్నది. కొంతకాలానికి వాటంతట అవే కోలుకున్నాయి. విచారించగా తేలినదేమిటంటే, అంతకుముందు వాటికి ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం వేసేవారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకు పెట్టడానికి నిరాకరించడంతో చవకరకం ముడిబియ్యం వేయసాగారు. ఆ వంటవాడి లోభమే వైద్యశాస్త్రానికి ఉపకరించింది. తెల్లని అన్నంలో ఏదో విషమున్నదని ఐక్మన్ మొదట తలచాడు. అందులో ఉన్న విషం కాదు, లేని పోషకమే వ్యాధికి కారణమని 1901లో ఆయన సహచరుడు గెరిట్ గ్రైన్స్ వివరించాడు. ఆ లేనిదానినే నేడు థయమిన్ లేక బి1 విటమిన్ అంటున్నాము. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. మన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. దక్షిణాదిన ఉప్పుడు బియ్యం తినే జిల్లాలలో ఆ వ్యాధి అంతగా కనిపించలేదు. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబెట్టి ఆడించినప్పుడు పైపొరలోని విటమిను కొంత గింజ లోపలికి ఇంకిపోతుంది. తరువాత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధన కేంద్రమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా ప్రయాణించే మన విద్యార్థులలో ఎందరికి ఆ భవనాల వెనుకనున్న ఈ బియ్యపు కథ తెలుసునో!

నేడు బెరిబెరి అరుదే. అయితే ఆ వ్యాధి ఆనాడు ఎవరిని పట్టుకున్నదో గమనించాలి. ఖైదీలు, సిపాయిలు, కూలీలు, అంటే పళ్ళెంలో అన్నం తప్ప మరేదీ పెద్దగా లేనివారు. మాంసం, గ్రుడ్లు, పాలు, పండ్లు భుజించగలిగినవాడు తవుడు పోగొట్టుకున్నా నష్టాన్ని మరొకచోట పూడ్చుకోగలడు. పలుచని పప్పుతో కొండంత అన్నం తినే విద్యార్థికి ఆ అవకాశం లేదు. తెల్లని బియ్యం సంపన్నుని ముచ్చట. దానికి మూల్యం చెల్లించేది పేదవాడు.

సేంద్రియ ఎరువులతో పండించినదని అధిక ధరకు కొని, దానినే తళతళలాడేటట్లు పాలిష్ పట్టించుకొనేవారిని కూడా చూస్తున్నాము. పొలంలో చేసిన తపస్సును మరలో పోగొట్టుకోవడమంటే ఇదే. కల్తీ భయంచేత నాలుగైదు నీళ్ళు కడగడం, గంజి వార్చి పారబోయడం మరొక దుర్వ్యయం. బి1 నీటిలో కరిగిపోయే గుణం కలది. జొన్నరొట్టెకు ఈ చిక్కు లేదు, ఏలయనగా జొన్నను సాధారణంగా పొట్టుతోనే పిండి పట్టిస్తాము. తెలుగు ఇండ్లలోను, ఉర్దూ ఇండ్లలోను మన అమ్మమ్మలు, నానీలు చేతితో చరచిన ఆ రొట్టెను బీదల తిండి అని మనమే చిన్నచూపు చూశాము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వసతిగృహంలో ఒక్కసారిగా ముడిబియ్యం వండిస్తే విద్యార్థులు పళ్ళేలు తోసివేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు. వారానికి రెండు పూటలు సింగిల్ పాలిష్ బియ్యంతో ఆరంభించవచ్చు. గంటసేపు నానబెట్టి, నీరు కొంచెం హెచ్చుగా పోస్తే మెత్తగానే ఉడుకుతుంది. పైపొరలో నూనె ఉన్నందున ఈ బియ్యం త్వరగా ముక్కవాసన పట్టి పురుగు చేరుతుంది గనుక బస్తాలకొద్దీ నిలువచేయక, నెలకు సరిపడా మాత్రమే తెప్పించాలి.