కేంద్రకంలో మోకు లాగే చేయి

మైపాడు తీరాన అలివి వలను ఒడ్డుకు చేర్చే దృశ్యం మన జిల్లా విద్యార్థులకు కొత్త కాదు. రెండు వరుసల మనుష్యులు మోకు పట్టుకొంటారు, లాగుతారు, పట్టు సడలించి మరికొంత ముందు పట్టుకొంటారు. మన కండరాలలో మయోసిన్ అనే ప్రోటీన్ ఆక్టిన్ తంతువును లాగే తీరు దాదాపు ఇదే. విచిత్రమేమంటే, ఇక్కడ పట్టు వదలటానికి కూడా ఇంధనం కావాలి. ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి. అణువు వచ్చి అంటుకొంటే గాని మయోసిన్ తంతువును విడువదు. చచ్చిన చేప కొంతసేపటికి కర్రవలె బిగుసుకొనటానికి కారణం ఆ అణువు నిండుకొనటమే.

ఆ అణువును 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి కనుగొన్నవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు. పరీక్షల కోసం ఏ.టి.పి.ని వల్లించే మనలో ఎందరు సుబ్బారావును తలుస్తారో!

ఇక కేంద్రకం సంగతి. జన్యువులోని సందేశాన్ని ఆర్.ఎన్.ఏ.గా వ్రాసే పనిని అనులేఖనం అంటారు. దానిని నిర్వహించే ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ కూడా ఒక చాలక యంత్రమే, డి.ఎన్.ఏ. మీద ఒక్కొక్క క్షార జంట వంతున జరుగుతూ పోతుంది. మరి మయోసిన్‌కు అక్కడ పనేమిటి? కేంద్రకంలో ఆక్టిన్ ఉన్నదన్న వారి మాటను, అది కణద్రవ్యం నుండి అంటుకొన్న కల్మషమని చాలాకాలం త్రోసిపుచ్చారు. 2000లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రైమల్ డి లనెరోల్ బృందం కేంద్రకంలో ఒక మయోసిన్ రూపాన్ని గుర్తించింది. దాని మొదటి కొనకు 16 అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్నాయి. దానిని అడ్డగించే ప్రతిరక్షకాలను కలిపితే పరీక్షనాళికలో అనులేఖనం కుంటుపడింది. 2004లో ఆక్టిన్ కూడా అవసరమేనని పలు ప్రయోగశాలలు చూపాయి.

అంతటితో తగవు తీరలేదు. ఆ మయోసిన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలు బ్రతికి బట్టకట్టినట్లు 2013లో ప్రకటితమైంది! ఆ 16 ఆమ్లాలు లేని దాని జ్ఞాతి ఆ పనిని అందుకొన్నదట. మోకు దగ్గర ఒకడు రాకుంటే ప్రక్కవాడు ఆ చోట నిలిచినట్లు. పైగా కేంద్రకంలో ఆక్టిన్, కండరంలోవలె పొడవైన తంతువులుగా సాధారణంగా కానరాదు. కనుక మయోసిన్ అక్కడ నిజంగా లాగుతున్నదా, లేక పాలిమరేజ్ భాగాలను కూర్చి పట్టుకొని నిలిచినదా అన్న వాదం ఇంకా తెగలేదు.