మీకు తెలుసా? జ్వరం కంటే ముందే వాచీ పసిగడుతుంది!

మీ చేతికున్న స్మార్ట్ వాచీ టైము, అడుగుల లెక్క చూపించి ఊరుకుంటుందనుకుంటున్నారా? అబ్బే! మీకు జబ్బు చేయబోతోందని మీకంటే ముందే కనిపెట్టేయగలదు! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు కోవిడ్ వచ్చినవాళ్ల వాచీల్లోని పాత లెక్కలన్నీ తిరగేశారు. గుండె వేగం, నడక, నిద్ర... ఏదీ వదల్లేదు! నలుగురిలో తేడా ఎప్పుడు మొదలైందో తెలుసా? లక్షణాలు కనిపించడానికి కనీసం 9 రోజుల ముందు! గొంతులో గరగర లేదు. ఒళ్లునొప్పులు లేవు. హాయిగా తిరుగుతున్నారు. వాచీ లెక్కలు మాత్రం అప్పటికే గాడి తప్పాయి!

వాచీ సరే, ఉంగరం సంగతి విన్నారా? రాత్రంతా ఒంటి వేడిని కొలిచే ఉంగరం! శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు వేలమంది ఉంగరాల సమాచారం పోగేసి చూశారు. జనం కోవిడ్ పరీక్షకు వెళ్లడానికి సగటున 2.75 రోజుల ముందే ఉంగరానికి సంగతి తెలిసిపోయింది! కాకపోతే దీనికి కాస్త కంగారెక్కువ. ఏ జబ్బూ లేనివాళ్లనీ చాలాసార్లు అనుమానించేసింది!

ఫ్లూ వైరస్‌ను కావాలని ముక్కులో వేయించుకునేవాళ్లు ఉంటారా? ఉన్నారు! అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధన కోసం కొందరు ఆ సాహసమే చేశారు. చేతికి సెన్సర్ పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. ఎవరికి అంటుకుంది? ఎవరికి అంటుకోలేదు? లక్షణాలు బయటపడకముందే పట్టీ చెప్పేసింది! అదీ 92 శాతం కచ్చితంగా! వాళ్ల ధైర్యాన్ని కొలిచే పట్టీ మాత్రం ఇంకా రాలేదు.

ఇంట్లో చేసుకున్న కోవిడ్ కిట్ గుర్తుందా? ముక్కులో పుల్ల తిప్పడం, నాలుగు చుక్కలు వేయడం, గీత పడుతుందా లేదా అని కళ్లప్పగించి కూర్చోవడం! ఆ ఎర్ర గీత దేనితో వస్తుందో చెప్పనా? చెవి ఇలా పట్టండి. బంగారంతో! చాలా కిట్లలో అక్షరాలా బంగారమే! పసుపుపచ్చగా ఉండాలి కదా అంటారా? సుమారు 40 నానోమీటర్ల రేణువులుగా చేస్తే బంగారం ఎర్రగా కనిపిస్తుంది! ఆ రేణువులకు యాంటీబాడీలు అతికిస్తారు. అవి వైరస్ ప్రోటీన్‌ను పట్టుకుని వెళ్లి, గీత దగ్గర గుమిగూడతాయి. ఎర్రగా కనిపిస్తాయి. ‘సి’ అని రాసి ఉన్నచోట పడే గీత కూడా అదే సరుకు! అంటే నెగిటివ్ వచ్చినవాళ్లకీ బంగారం దక్కింది! తాకట్టుకు మాత్రం పనికిరాదు లెండి.

వానాకాలం జ్వరం వస్తే డాక్టరు ఎన్‌ఎస్1 టెస్టు రాస్తారు, గమనించారా? డెంగీ వైరస్ సోకిన కణాలు ఎన్‌ఎస్1 అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. దొంగ చొక్కా గుండీ ఊడి సందులో పడినట్టు! జ్వరం మొదలైన 1వ రోజునే అది దొరికిపోవచ్చు! మన యాంటీబాడీలు అప్పటికింకా ఆవులిస్తూ ఉంటాయి!

ఇప్పుడొక లెక్క చెబుతాను, తల తిరుగుతుంది! ఒక గ్రామును 1,000 లక్షల కోట్ల ముక్కలు చేయండి. అందులో ఒక్క ముక్క తీయండి. మిల్లీలీటరు ద్రవంలో అంత కోవిడ్ వైరస్ ప్రోటీన్ ఉన్నా చాలు, దక్షిణ కొరియా వాళ్లు చేసిన గ్రాఫీన్ సెన్సర్ పట్టేసింది! గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర! ప్రోటీన్ తగలగానే దానిలో పారే కరెంటు మారిపోతుంది! ల్యాబులోని శుభ్రమైన ద్రవంలో వచ్చిన లెక్క ఇది. ఆసుపత్రి నమూనాల్లో అంత సూక్ష్మంగా పట్టలేదు, అయినా తక్కువేం కాదు!

ఒంటెకూ వైరస్ పరీక్షకూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది! ఒంటెల రక్తంలో, వాటి దాయాదులైన లామాల రక్తంలో వింత యాంటీబాడీలుంటాయి. వాటి కొసను విడదీస్తే బుల్లి ముక్క వస్తుంది. మామూలు యాంటీబాడీ బరువులో దాదాపు 10వ వంతే! సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి ముక్కలను సెన్సర్ మీద పేర్చారు. కోవిడ్ ప్రోటీన్ దొరికింది! ఒంటెల నుంచి మనుషులకు సోకే మెర్స్ వైరస్ ప్రోటీన్ కూడా దొరికింది! ఒంటె తెచ్చే జబ్బును ఒంటె వంశపు ఆయుధంతోనే పట్టేశారు!

వైరస్ వేటకు డిటెక్టివ్‌ను దింపితే? ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దింపారు! వాళ్ల కోవిడ్ టెస్టు పేరు ఫెలూదా! అవును, సత్యజిత్ రే సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదాయే! ఇందులో ఉన్నది ఒక బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యు కత్తెర. కరోనా జన్యు రాతలో అక్షరాలు దాదాపు 30,000! ముందు ల్యాబులో ఆ రాతలోని ఒక ముక్కకు నకళ్లు తీస్తారు. ఇక ఈ కత్తెర తనకు చెప్పిన చోటును వెతికి పట్టుకుంటుంది. ఒకే ఒక్క అక్షరం మారినా కనిపెట్టేయగలదు! కాగితం పట్టీ మీద గీత పడుతుంది. అంతే, కేసు తేలిపోయింది!

మన దగ్గరివాళ్లూ తక్కువ తినలేదు! సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా ఒక కోవిడ్ కిట్ చేసింది. కోవిహోమ్! చేసింది ఎవరో తెలుసా? డాక్టర్లు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వాళ్లు! ఫలితం 30 నిమిషాల్లో స్మార్ట్‌ఫోన్‌లో కనిపిస్తుంది! సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ దీన్ని పరీక్షించి చూసింది కూడా.

ఇంట్లో షుగరు చూసుకునే మీటరు ఉందా? అదీ బయోసెన్సరే, అంటే జీవ పదార్థాల సాయంతో పసిగట్టే సెన్సరే! దాంతోనే కోవిడ్ యాంటీబాడీలు చూడొచ్చా? 2022లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు చూసి చూపించారు! కిటుకు వినండి. రక్తంలో కోవిడ్ యాంటీబాడీ ఉంటే, దానికి ఒక ఎంజైమును తగిలిస్తారు. ఆ ఎంజైముకు చక్కెర పెడతారు, మనం టీలో వేసుకునేదే! అది చక్కెరను విరిచి గ్లూకోజు చేస్తుంది. మీటరుకు తెలిసింది గ్లూకోజు ఒక్కటే కదా, అమాయకంగా అంకె చూపిస్తుంది! యాంటీబాడీలు ఎక్కువైతే అంకె పెద్దది! నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఉపాయం ఇదే!

మాస్కు వైరస్‌ను ఆపుతుందని తెలుసు. పట్టిస్తుందని తెలుసా? హార్వర్డ్, ఎంఐటీ శాస్త్రవేత్తలు మాస్కులో సెన్సర్ దాచారు! లోపల ఎండబెట్టిన రసాయనాలు నిద్రపోతుంటాయి. మాస్కు పెట్టుకుని కాసేపు ఊపిరి పీల్చి వదిలి, బటన్ నొక్కాలి. బుల్లి సంచీలోని నీళ్లు జారి రసాయనాలు మేల్కొంటాయి! 90 నిమిషాల్లో ఫలితం! ల్యాబు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు!

కుక్కను బయోసెన్సర్ అనొచ్చా? నేనైతే అంటాను! జర్మనీలో సైన్యం జాగిలాలకు ఉమ్మి నమూనాలు వాసన చూపించారు. వారం రోజులే శిక్షణ! కోవిడ్ ఉన్నదేదో లేనిదేదో 94 శాతం సరిగ్గా చెప్పేశాయి!

కుక్కకే నోరెళ్లబెట్టారా? అయితే తేనెటీగల సంగతి వినాల్సిందే! నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో శాస్త్రవేత్తలు 150కి పైగా తేనెటీగలకు పాఠం చెప్పారు. కోవిడ్ నమూనా వాసన చూపించగానే చక్కెర నీళ్లు! మామూలు నమూనాకు ఏమీ లేదు! కొన్నిసార్లు ఇలా చేసేసరికి తేనెటీగలకు విషయం అర్థమైపోయింది. తర్వాత చక్కెర నీళ్లు ఇవ్వకపోయినా, కోవిడ్ వాసన తగిలితే చాలు, నాలుక బయటికి చాపేవి! చాపితే పాజిటివ్, చాపకపోతే నెగిటివ్!